చేతికి పని, చెవికి కథ

(గిజుభాయి బధేకా స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)

వెనక వరసల్లో పిల్లలు తిరుగుతున్నారు, మాట్లాడుకుంటున్నారు. వాళ్లను కూర్చోబెట్టవద్దని నిర్వాహకులను ముందే కోరాను. పిల్లల్ని కట్టేసినట్టు కూర్చోబెట్టే బడితో జీవితాంతం పోరాడిన మనిషిని తలుచుకోవడానికి వచ్చాం. ఈ సభకు ఆ సందడి ఉండాల్సిందే.

గిజుభాయి 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్‌లో పుట్టారు. పెట్టిన పేరు గిరిజాశంకర్. బతుకుతెరువు వెతుక్కుంటూ తూర్పు ఆఫ్రికా వెళ్లారు. తిరిగివచ్చి న్యాయశాస్త్రం చదివి వకీలుగా స్థిరపడ్డారు. 1913లో కొడుకు పుట్టాడు. ఈ బిడ్డను ఎక్కడ చదివించాలి అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. చుట్టూ ఉన్న బడులేవీ ఆ తండ్రికి నచ్చలేదు. మోతీభాయి అమీన్ అనే విద్యాభిమాని ఆయన చేతిలో ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి గురించిన పుస్తకం పెట్టారు. 1916లో వకాలతు వదిలి, భావనగర్‌లో నానాభాయి భట్ నడుపుతున్న దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడే చిన్నపిల్లల కోసం బాలమందిరం తెరిచారు. 1939 జూన్‌లో కన్నుమూశారు. గుజరాతీలు ఆయన్ను ‘మీసాల తల్లి’ అని పిలుచుకున్నారు. ఆయన రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చి మన ఉపాధ్యాయులు ఎందరి చేతుల్లోనో నలిగింది.

ఆయన గురించి చెప్పేవాళ్లు మామూలుగా బాలమందిరం దగ్గర మొదలుపెడతారు. నేను అంతకు ముందరి ఏడేళ్ల దగ్గర కాసేపు ఆగుతాను. ఆ బడి పుట్టక ముందు ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో ఒక పసివాడు, ఆ పసివాడి చదువు గురించి బెంగపడ్డ తండ్రి ఉన్నారు. తర్వాతి రోజుల్లో ఆయన తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా పుస్తకాలు రాశారు. వాటిలో ఒకదాని పేరుకు అర్థం, తల్లిదండ్రులు కావడం కష్టమైన పని అని. బడి గురించి అంత ఆలోచించినవాడు ఇంటిని ఒక్కనాడూ వదల్లేదు. అందుకే ఇవాళ్టి ఉపన్యాసానికి బడిని కాక ఇంటిని ఎంచుకున్నాను. ఐదేళ్ల బిడ్డను బడికి పంపకుండా, లేదా పంపుతూనే, ఇంటి పనుల మధ్య ఎలా చదివించవచ్చు అన్నది నా విషయం.

చాలా ఏళ్లు ఒకటో తరగతి చెప్పినదాన్ని. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే దంపతులు తరచుగా ఒకటే అడుగుతున్నారు: “టీచరమ్మా, యూకేజీకి పంపకుండా ఈ ఒక్క ఏడాదీ ఇంట్లోనే చెప్పుకుందామనుకుంటున్నాం. ఏ పుస్తకాలు కొనమంటారు?” కరోనా రోజుల్లో బడులు మూతపడి, నాలుగేళ్ల పిల్లలు ఫోను ముందు కూర్చుని తెర మీద అక్షరాలు దిద్దడం చూసిన తర్వాత ఈ ఆలోచన చాలా ఇళ్లలో మొలకెత్తింది. దానికి చట్టం అడ్డురాదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అంటుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశ అంటుంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక, ఆరేళ్లలోపు పిల్లలకు పరీక్షలు పెట్టడం ఏమాత్రం తగదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి భయం అక్కర్లేదు. పుస్తకాల సంగతికి వస్తే, ముందు ఏమీ కొనవద్దని చెబుతాను. కొన్న వర్క్‌షీట్లు పూర్తి చేయించాలన్న తొందర మొదలవుతుంది. ఆ తొందరతో ఇల్లు కూడా ఒక చిన్న కాన్వెంటు అయిపోతుంది. తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి ఇంగ్లీషు అని గోడకు టైంటేబులు తగిలించిన ఇళ్లు చూశాను. అంత మాత్రానికి బిడ్డను బడి మాన్పించనక్కర్లేదు. అక్కడైతే కనీసం తోటిపిల్లలైనా ఉంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఐదేళ్ల బిడ్డకు నిజమైన పని ఇవ్వండి. ఆ పని ముగించడానికి వాడికి ఎంత సేపు కావాలో అంత సేపూ ఇవ్వండి.

నిజమైన పని అంటే ఏమిటో వంటింట్లోకి వెళ్లి చూద్దాం. చిక్కుడుకాయలు తెచ్చారు. ఈనె తీయాలి. కొస దగ్గర బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని, విరిచి, పక్క నారను తెగకుండా చివరిదాకా లాగాలి. పెద్దవాళ్లకు ఇది చూడకుండా చేసే పని. ఐదేళ్ల చేతికి మాత్రం గొప్ప సవాలు. నార మధ్యలో తెగితే ఎందుకు తెగిందో వేళ్లకే తెలుస్తుంది. మరుసటి కాయకు పట్టు మారుతుంది. ఎవరూ తప్పు అనలేదు, ఎవరూ ఎర్రసిరా పెట్టలేదు. కాయే చెప్పింది. మధ్యాహ్నం ఆ కూర విస్తట్లోకి వస్తుంది. నాయనమ్మ ఆ కూర కలుపుకుని తింటుంటే తన చేతి పని నలుగురి కడుపులోకి వెళ్లిందని వాడికి అర్థమవుతుంది. బొమ్మల దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ వంటసామానుతో ఇది రాదు. ఆడుకోవడానికి అవీ ఉండనివ్వండి. కానీ బొమ్మ చిక్కుడుకాయకు ఈనె ఉండదు.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయడం రేపు పెన్సిలు పట్టడానికి పునాది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. బిడ్డ పుట్టేటప్పటికి అవి మెత్తని మృదులాస్థి. ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తాయి. అన్నీ ఏర్పడడానికి పదేళ్లు దాటుతుంది. అలాంటి చేతికి మూడో ఏటనే నాలుగు గీతల కాపీ ఇచ్చి పేజీలకు పేజీలు రాయిస్తున్నాం. వేరుశనక్కాయలు ఒలవడం, వెల్లుల్లి పొట్టు తీయడం, గోంగూర ఆకు తుంచడం, చపాతీ పిండి పిసకడం, తడిబట్ట పిండి ఆరేయడం, క్లిప్పు పెట్టడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఇవన్నీ చేయించండి. ఆ చేతికి ఆరో ఏట పలక ఇస్తే ‘అ’ దానంతట అదే గుండ్రంగా వస్తుంది. మన లిపి అంతా వంపులే. వంపు తిరగాలంటే మణికట్టు తిరగాలి. ముగ్గుపిండి చేతికివ్వండి. చుక్కలు పెట్టనివ్వండి, చుక్క చుట్టూ తిప్పనివ్వండి. వంకరగా వస్తుంది. రానివ్వండి. వాకిలి ఊడ్చేస్తే పోతుంది, మర్నాడు మళ్లీ వేస్తాడు. మగపిల్లాడికి ముగ్గేమిటని ఎవరైనా అంటే, వాడికీ మణికట్టు ఉందని చెప్పండి.

పిల్లల చేతికి నిజమైన పని ఇవ్వాలన్న సంగతిని లోకానికి చూపించింది మారియా మాంటిస్సోరి. 1907లో రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆమె మొదటి బాలనిలయం తెరిచారు. అక్కడి పిల్లలకు ఊడ్చే పని, కడిగే పని, వడ్డించే పని నిజంగానే ఇచ్చారు. చిన్న చీపురు, చిన్న జగ్గు, చిన్న బల్ల. పెద్దవాళ్ల సామాను పిల్లల కొలతకు తగ్గింది గానీ, పని మాత్రం బొమ్మ పని కాలేదు. మన ఇళ్లలో ఇది చాలా సులువు. రెండు చేతుల్లో ఇమిడే చెంబు ఒకటి, పొట్టి చీపురు ఒకటి, వాడికి అందే ఎత్తులో ఒక మేకు, దాని మీద వాడి తువ్వాలు. నేర్పేటప్పుడు ఎక్కువ మాట్లాడకండి. ఒకసారి మెల్లగా చేసి చూపండి, చెంబు వాడికివ్వండి, మీ చెయ్యి వెనక్కి తీసుకోండి. మొత్తంలో ఇదే కష్టం. నీళ్లు ఒలుకుతాయని మనకు ముందే తెలుస్తుంది, చెయ్యి ముందుకు పోతుంది. ఒలకనివ్వండి. పక్కన గుడ్డ పెట్టండి. ఒలికిన నీళ్లు తుడవడం కూడా పనే, పైగా పిల్లలకు మహా ఇష్టమైన పని.

అయితే ఒక హద్దు కచ్చితంగా చెప్పాలి. పొయ్యి, కత్తిపీట, వేడి నూనె, ఇస్త్రీపెట్టె, నీళ్ల సంపు దగ్గరికి ఐదేళ్ల బిడ్డను ఒంటరిగా పంపకూడదు. అరటిపండు ముక్కలు కోయడానికి మొండి చాకు ఇవ్వచ్చు, పక్కన కూర్చుని.

ఇక లెక్కలు. పళ్లేలు పెట్టడంతోనే లెక్క మొదలవుతుంది. ఇంట్లో ఎందరున్నారు, ఎన్ని పళ్లేలు, ఎన్ని గ్లాసులు. ఒక మనిషికి ఒక పళ్లెం అని జత కలపడమే సంఖ్యకు మూలం. ఇవాళ మామయ్య వచ్చాడు, ఇంకొకటి పెట్టు. తాతయ్య ఊరెళ్లాడు, ఒకటి తీసెయ్. కూడిక, తీసివేత ఆ రెండు వాక్యాల్లో అయిపోయాయి. నూరు దాకా అంకెలు అప్పజెప్పే పిల్లలు నా తరగతికి ఎందరో వచ్చారు. ఏడు చింతగింజలు తెచ్చిపెట్టమంటే గుప్పెడు తెచ్చిన వాళ్లూ వాళ్లలో ఉన్నారు. అంకెల పాట వేరు, లెక్క వేరు. లెక్క చేతి మీదుగా లోపలికి పోవాలి.

కొలత సంగతి ఇంకా బాగుంటుంది. మీ ఇంట్లో పాత సోల, గిద్దె ఉంటే బయటికి తీయండి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం పోసి, తలగొట్టి, లెక్కపెట్టుకుంటూ డబ్బాలోకి వంచమనండి. పాతవి లేకపోతే టీ గ్లాసు, చెంబు చాలు. ఇక్కడొక చిన్న పరీక్ష చేసి చూడండి, మార్కుల కోసం కాదు, మీరు తెలుసుకోవడానికి. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. బిడ్డ రెండూ సమానమే అంటాడు. వాడి ముందే ఒక గ్లాసు నీళ్లను సన్నగా, పొడుగ్గా ఉన్న గ్లాసులోకి వంచండి. ఇప్పుడు ఎందులో ఎక్కువ అని అడిగితే, ఐదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే దీన్ని శాస్త్రంగా నిరూపించారు. పసితనం మీద ఆయన చేసిన పరిశోధనల్లో పెద్ద భాగం సొంత పిల్లలు ముగ్గురినీ ఇంట్లో గమనిస్తూ రాసుకున్నదే. బిడ్డ అలా చెప్పినప్పుడు వెర్రివాడా అని నవ్వకండి, సరిదిద్దకండి. చెప్తే రాదు అది. వంచగా వంచగా, ఆరేడేళ్ల మధ్య ఎప్పుడో ఒకరోజు, నీళ్లు అవే కదా అని వాడే అంటాడు. అప్పటిదాకా మనం చేయగలిగింది చెంబూ గ్లాసూ వాడికి అందుబాటులో ఉంచడమే. అందుకే ఐదేళ్లకే పెద్ద అంకెల కూడికలు చేయించే చోట నాకు దిగులేస్తుంది. నీళ్లు అవే అని ఇంకా తెలియని బుర్రకు, చేతివేళ్ల మీద గుర్తులు నేర్పి జవాబు రప్పిస్తున్నాం.

మన ఆటల్లో ఉన్న గణితాన్ని మనమే మర్చిపోయాం. అష్టాచెమ్మా చూడండి. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో ఒక్క చూపులో చెప్పాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఒకటి, రెండు, మూడు, నాలుగును లెక్కపెట్టకుండా చూపుతోనే పట్టుకోవడం అక్కడే వస్తుంది. తర్వాత కాయను అన్ని గళ్లు జరపాలి, ఎక్కడ చంపుతారో చూసుకోవాలి, ఎక్కడ ఆగితే క్షేమమో ఆలోచించాలి. వామనగుంటల్లో పద్నాలుగు గుంటలు. గింజలు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవాలి. పంపకం అంటే భాగహారం అని వాడికి చెప్పనక్కర్లేదు. ఓడిపోవడం కూడా ఈ ఆటల్లోనే నేర్చుకుంటారు. దయచేసి ప్రతిసారీ మీరే కావాలని ఓడిపోకండి.

భాష దగ్గరికి వస్తాను. గిజుభాయి గొప్ప కథకుడు. గుజరాతీ పిల్లల కోసం ఎన్నో జానపద కథలు సేకరించి, తిరగరాసి అచ్చు వేశారు. ‘పగటికల’లోని ఉపాధ్యాయుడు అల్లరిచిల్లరగా ఉన్న నాలుగో తరగతిని దారికి తెచ్చుకున్నది కథతోనే. పైఅధికారి వచ్చి పాఠాలెప్పుడు మొదలుపెడతావంటే, మొదలయ్యాయి అన్నంత నిబ్బరం ఆ పంతులుది. చేతులు పనిలో ఉన్నప్పుడు చెవులు ఖాళీగా ఉంటాయి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు కథ చెప్పండి. చిన్నప్పుడు మా ఇళ్లలో జరిగింది అదే, చింతపండు గింజ తీస్తూ అమ్మమ్మలు కథలు చెప్పేవారు. కథ మీ ఇంటి మాటలోనే చెప్పండి. శ్రీకాకుళం మాటైతే శ్రీకాకుళం మాట, పాలమూరు మాటైతే పాలమూరు మాట. పుస్తకం తెలుగులోకి మార్చి చెప్పాలని తంటాలు పడకండి. బడిలో పుస్తకభాష వాడికి ఎలాగూ వస్తుంది. ఇంటి మాట ఇంట్లోనే రావాలి.

అక్షరాలు ఎప్పుడు, ఎలా అని అడుగుతారు. న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకు పాఠాలు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరు 1963లో ‘టీచర్’ అనే పుస్తకం ప్రచురించారు. ఆమె ఐదేళ్ల పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, నీకే మాట కావాలి అని అడిగేది. బిడ్డ అడిగిన మాటను అట్టముక్క మీద పెద్దగా రాసి చేతికిచ్చేది. ఆ అట్ట ఆ బిడ్డ సొంతం. మర్నాడు గుర్తుపట్టిన మాటలు ఉంటాయి, గుర్తుపట్టనివి పోతాయి. పిల్లలు అడిగినవన్నీ లోపలి భయాల మాటలు, ప్రేమల మాటలు. దీన్ని మన పిల్లల దగ్గర చేసి చూడండి. నా తరగతిలో అడిగిన మాటలు: అమ్మ, పాము, దెయ్యం, బస్సు, చెల్లి, బిర్యానీ. ‘దెయ్యం’లో యకారం కింద ఇంకో యకారం ఉంది, కష్టం కదా అని మనం అనుకుంటాం. ఆ పిల్లవాడు మర్చిపోలేదు. వాచకంలో రెండు నెలల పాటు చెప్పిన తేలిక మాటలు మర్చిపోయినవాడే, దెయ్యాన్ని మర్చిపోలేదు. అ నుంచి ఱ దాకా వరసగా బట్టీపెట్టించడం నేను తప్పనను, పాటలాగా పాడుకోవచ్చు. చదవడం మాత్రం బిడ్డకు కావలసిన మాట దగ్గరే అందుకుంటుంది. సంతకు రాసే చీటీ వాడితో చదివించండి. ఉప్పు, పప్పు, సబ్బు. దుకాణం బోర్డులు, బస్సు మీది ఊరి పేర్లు. గోడ మీది తెలుగు క్యాలెండరులో తాతయ్య వచ్చే రోజు చుట్టూ గీత గీయమనండి.

ప్రవాసంలో ఉన్న తెలుగు ఇళ్ల గురించి ఒక మాట. అమెరికాలో ఇంటి చదువు యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, నిబంధనలు మాత్రం రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. అక్కడ పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్న తెలుగు తల్లులు కొందరు, తెలుగు ఎలా నేర్పాలో చెప్పమని రాస్తుంటారు. రోజుకో గంట తెలుగు క్లాసు పెట్టకండి అని రాస్తాను. ఒక పనిని తెలుగుకు ఇచ్చేయండి. దోసెల పిండి రుబ్బడమో, మొక్కలకు నీళ్లు పోయడమో, ఏదైనా సరే, అది జరిగినంత సేపూ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడండి. రుబ్బు, వంచు, పులిసింది, పొంగింది, అట్లకాడ, పెనం, ఇవన్నీ చేతితో పాటు నోటికి వస్తాయి.

ప్రకృతి పాఠాలకు ఎక్కువ చెప్పను. పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూటకట్టి ఉంచితే మర్నాటికి మొలక తెల్లగా బయటికొస్తుంది. కొన్నిటిని గుడ్డలో ఉంచి తడపండి, కొన్నిటిని ఎండబెట్టండి, కొన్నిటిని నీళ్లలోనే మునిగేలా వదిలేయండి. ఏది ఏమైందో బిడ్డనే చెప్పమనండి. కారణాలు మీరు చెప్పకండి. చీమల బారు, నెలవంక, సాయంత్రం పెరిగే నీడ, వీటికి డబ్బు అక్కర్లేదు. పక్కన నిలబడే పెద్దమనిషి కావాలి, అంతే.

ఆ పెద్దమనిషి ఎవరు? ఈ ప్రశ్న దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. ఇంటి చదువు అనగానే మన ఇళ్లలో అది తల్లి మెడకు చుట్టుకుంటుంది. ఆమె ఉద్యోగం మానుకోవాలి, లేదా ఆఫీసు పని, ఇంటి పని, చదువు పని మూడూ మోయాలి. అలా నడిచే ఇంటి చదువును నేను సమర్థించలేను. మొదలుపెట్టే ముందే తండ్రి వాటా ఏమిటో తేల్చుకోండి. ఇవాళ మనం తలుచుకుంటున్న మనిషి ఒక తండ్రి. మీసాలున్నా తల్లి అనిపించుకున్నారు. బియ్యం కొలిపించడం, బండి తుడిపించడం, బజారుకు తీసుకెళ్లి చిల్లర ఇప్పించడం తండ్రులు చేయవచ్చు. తాతలు చేయవచ్చు. ఇంట్లో మగవాళ్లు గిన్నె కడగడం ఎన్నడూ చూడని పిల్లవాడికి గిన్నె కడగడం గౌరవమైన పని అని ఎంత చెప్పినా నమ్మడు.

పిల్లలకు పని అన్న మాట ఈ నేల మీద పలికేటప్పుడు జాగ్రత్త కూడా కావాలి. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా శాంతా సిన్హా గారు వేలాది పిల్లల్ని పనుల్లోంచి విడిపించి బడికి చేర్చారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆ ఉద్యమం పట్టుబట్టిన సూత్రం. నేను ఆ సూత్రాన్ని మనసా వాచా నమ్ముతాను. పత్తి చేలో పువ్వుకు పువ్వు అంటించే పిల్ల చేతి నైపుణ్యం గురించి ఎవరైనా పొగిడితే నాకు కడుపు మండుతుంది. నేను చెబుతున్న పని వేరు. అది బిడ్డ ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేసి వెళ్లగలిగిన పని. ఆ పని ఆగినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు. అది పెద్దవాళ్ల కష్టాన్ని తగ్గించదు, నిజానికి పెంచుతుంది. బిడ్డ సహాయంతో చేసిన వంట ఆలస్యమే అవుతుంది. ‘పెద్దపిల్లవు కదా, తమ్ముడిని ఎత్తుకో’ అని ఐదేళ్ల ఆడపిల్లకు రోజంతా అప్పజెప్పడం చదువు కాదు, చాకిరీ. ఆరేళ్లు నిండిన తర్వాత బడి ఆ బిడ్డ హక్కు. ఇంటి చదువు పేరుతో ఆ హక్కును ఎవరూ కొట్టేయకూడదు.

మరి కూలికి పోయే తల్లి ఏం చేస్తుంది? పొద్దున్నే నాటుకో, కలుపుకో వెళ్లే తల్లికి ఈ ఉపన్యాసం ఏం పనికొస్తుంది? దీనికి జవాబు కూడా గిజుభాయి బడిలోంచే వచ్చింది. బాలమందిరంలో ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో అప్పటి ఠాణా జిల్లా తీరంలోని బోర్డీకి వెళ్లి, పల్లె పిల్లల కోసం ఒక కేంద్రం మొదలుపెట్టారు. అనూతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. తర్వాత పని కోస్‌బాడ్ కొండకు మారింది. ఆ కొండల్లోని ఆదివాసీ పిల్లలు బడికి రాలేదు. ఇళ్లలో చిన్నపిల్లల్ని చూసుకోవాలి, పశువులు మేపాలి. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలని తారాబాయి అనుకున్నారు. గుడిసెల ముందు వాకిట్లోనే బాలవాడి నడిపారు. పశువులు మేపే పిల్లల కోసం పచ్చిక బయళ్లలో బడి పెట్టారు. యూరప్ నుంచి తెప్పించిన ఖరీదైన మాంటిస్సోరి సామాను అక్కడ దొరకదు, అక్కర్లేదు కూడా. గింజలు, గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, మట్టి చాలాయి. వాకిలిని హిందీలో, మరాఠీలో ఆంగన్ అంటారు. అంగన్‌వాడీ అన్న ఆలోచన ఆ వాకిళ్ల నుంచి వచ్చింది. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు ఆ పేరు దేశమంతా పాకింది.

అంటే ఇవాళ మన ప్రతి ఊళ్లోనూ ఉన్న అంగన్‌వాడీ గిజుభాయికి మనవరాలి వరస. అక్కడి టీచరు చేతికి రిజిస్టర్లు, ఫోను యాప్‌లు, గుడ్లు, పాలు, బాలామృతం పొట్లాల లెక్కలు అప్పజెప్పి, పిల్లలతో కూర్చునే సమయం తీసేశాం. నా విన్నపం ఇది: ఇంట్లో చదివిస్తున్న తల్లిదండ్రులు వారంలో ఒక పూట మీ బిడ్డను తీసుకుని దగ్గరి అంగన్‌వాడీకి వెళ్లండి. ఒక బుట్ట చిక్కుడుకాయలు పట్టుకెళ్లండి. పిల్లలందరితో కలిసి ఈనెలు తీయండి, ఒక కథ చెప్పండి. టీచరమ్మకు ఊపిరాడుతుంది. మీ బిడ్డకు తోటిపిల్లలు దొరుకుతారు. ఇంటి చదువులో అసలైన లోటు తోటిపిల్లలే. ఒక్కడే పెరిగే బిడ్డకు వంతు కోసం ఆగడం, పోట్లాడి మళ్లీ కలవడం, తన మాట నెగ్గకపోవడం ఎక్కడ వస్తాయి? ఆ లోటును చూడనట్టు నటించే ఇంటి చదువు పుస్తకాలు నాకు నచ్చవు.

ఇంకో లోటు కూడా చెప్తాను. బడిలో టీచరు ఇరవైమంది పిల్లల్ని ఒకేసారి చూస్తుంది కాబట్టి, వినపడని బిడ్డ, కనపడని బిడ్డ, మాట ఆలస్యమైన బిడ్డ ఆమె కంట్లో పడతారు. ఇంట్లో ఒక్క బిడ్డనే చూసే తల్లిదండ్రులకు పోలిక ఉండదు. అందుకని ఇంటి చదువు ఏడాది మొదట్లోనే చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఇది వాయిదా వేయవద్దు.

పిల్లల స్వేచ్ఛ గురించి మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. చలం ‘బిడ్డల శిక్షణ’ మన ఇళ్ల బీరువాల్లో ఎప్పటి నుంచో ఉంది. గిజుభాయి పోయిన కొన్ని నెలలకు, అదే 1939 నవంబరులో, మాంటిస్సోరి స్వయంగా మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల కొన్నేళ్లు ఇక్కడే ఉండిపోయారు. మాంటిస్సోరి పేరుతో విజయవాడలో కోటేశ్వరమ్మ గారు బడి నడిపారు. ఇప్పుడు మాంటిస్సోరి అన్న బోర్డు ప్రతి వీధిలో కనిపిస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే చాలా చోట్ల బెంచీలు, బెత్తం, డైరీ, హోంవర్కు. బోర్డు మార్చమని పోరాడే ఓపిక మీకుంటే పోరాడండి. లేకపోతే సాయంత్రం నాలుగు తర్వాత మీ వంటిల్లు మీ చేతిలోనే ఉంది. యూకేజీకి వెళ్లే పిల్లలకు కూడా ఇదంతా వర్తిస్తుంది. హోంవర్కు పది నిమిషాల్లో అయిందనిపించి, చిక్కుడుకాయల బుట్ట ముందు పెట్టండి.

ఆరేళ్లు నిండి ఒకటో తరగతిలో చేర్చే రోజు వస్తుంది. అప్పుడు చాలామంది తల్లిదండ్రులు టీచరు ముందు బెదురుతూ నిలబడి, వీడికి ఏబీసీడీలు పూర్తిగా రావండి, లెక్కలు ఇరవై దాకే వచ్చండి అని క్షమాపణలాగా చెబుతారు. అలా చెప్పకండి. ఒక కాగితం మీద వాడికి వచ్చినవి రాసి తీసుకెళ్లండి. గుండీలు తానే పెట్టుకుంటాడు. తన పేరు, చెల్లి పేరు, పాము, దెయ్యం చదువుతాడు. అష్టాచెమ్మా ఆడతాడు, ఓడిపోతే ఏడుస్తాడు గానీ మళ్లీ ఆడతాడు. పది పళ్లేలు సరిగ్గా పెడతాడు. గిద్దెతో సోల నింపుతాడు. నీళ్లు ఒలికితే తానే తుడుస్తాడు. ముసలమ్మ-నక్క కథ మొత్తం చెప్తాడు, మధ్యలో ఆపితే కోపం వస్తుంది. ఎడమచేతి వాటం, మార్చవద్దు. ఇంట్లో మాట్లాడే భాష ఫలానా. ఆ కాగితం టీచరు చేతిలో పెట్టి, మొదటి వారం వాడిని ముందు వరసలో కాకుండా కిటికీ దగ్గర కూర్చోబెట్టమని అడగండి. ఏ టీచరైనా ఆ కాగితం చదువుతుంది. నేనైతే చదివేదాన్ని, దాచుకునేదాన్ని కూడా.